తిరగలి మీద వేలు

బొల్లాపల్లి మెట్ట ఊళ్లలో జొన్నలు ఇంకా వండుతున్నారో లేదో తెలుసుకు రమ్మని మా కాలేజీ నన్ను సర్వేకి పంపింది. ఎనభైల నాటి మాట. ఇళ్లు చూపించడానికి అంగన్‌వాడీ ఆయమ్మను తోడిచ్చారు.

ఏ ఇంట్లో ఏం వండారని అడిగినా ఒకటే జవాబు: "వరన్నం, పప్పు." నేను నమ్మకంగా రాసుకునేదాన్ని. మూడో రోజు ఆయమ్మ నా రాతలు చదివించుకుని నవ్వింది.

"జొన్నకూడు తింటన్నామని పట్నం పిల్లకి ఎవురు చెప్తారమ్మాయ్, నామోషీ కాదూ? నోటిమాట రాసుకోమాక. తిరగలి చూడు."

అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా ఆమె ముందు తిరగలి పక్కన చతికిలబడేది. ఇంటామెను మాటల్లో పెట్టి, రాతి అంచు వెంట వేలు రాసి, నాకు మాత్రం కనబడేలా చూపించేది. వేలికి జొన్నపిండి. నా డిగ్రీ నేర్పని విద్య అది.

చివరిరోజు ఆయమ్మ ఇంటి వంతు వచ్చింది. నేను గుమ్మంలో కనబడగానే ఆమె గబగబా కొంగుతో తిరగలి తుడిచేసింది.

"ఈ పూట ఏం వండావు ఆయమ్మా?"

"వరన్నం, పప్పు," అంది, నా కలం వంక చూస్తూ.

తలెత్తకుండా అదే రాసుకున్నాను.