పారిస్ పుస్తకంలో రాని ఆకు

1955 వేసవిలో నన్ను చోడవరానికి సబ్ పోస్టుమాస్టరుగా వేశారు. టపా సంచీ అనకాపల్లి నుంచి బస్సులో వచ్చేది. అందులో మనియార్డర్లు, కోర్టు నోటీసులే ఎక్కువ. విదేశీ పార్సిళ్ళు వచ్చేది ఊరంతటికీ ఒక్కరికే: ఆడవాళ్ళ ఆసుపత్రి డాక్టరు సరోజినిగారికి.

ఆవిడ పుట్టింది అప్పట్లో ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాంలో. అక్కడి బడిలో ఫ్రెంచి నేర్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రాన్సులో కవులూ చిత్రకారులూ కలిసి, చేత్తో తయారుచేసిన కాగితం మీద కొద్ది ప్రతులే వేసిన కవితల పుస్తకాలను ఆవిడ పారిస్ దుకాణం ద్వారా తెప్పించుకునేవారు. వాటికి కుట్టు ఉండదు. విడి ఆకులను అట్టపెట్టెలో అమర్చి పంపుతారు.

"మా బడిలో కవిత చదివి, కళ్ళు మూసుకుని బొమ్మ ఊహించుకోమనేవారండీ. ఇవి వచ్చినరోజు మళ్ళీ ఆ వరండాలో కూర్చున్నట్టుంటుంది," అన్నారు ఒకసారి.

విదేశీ పార్సిలును ఓడరేవులో కస్టమ్స్ వాళ్ళు తనిఖీ చేసి, మళ్ళీ సీలు వేశాకే మాకిస్తారు. నేను చేరిన మరుసటి ఏడు వచ్చిన పుస్తకంలో ఒక బొమ్మ అశ్లీలమని తనిఖీ అధికారి ఆ ఆకు ఆపేశాడు. మిగతా పుస్తకం, దానితో ఒక నోటీసు వచ్చాయి. ఉన్నది తీసుకుని ఆకు కోసం అప్పీలు చేసుకోవచ్చు. వద్దంటే మొత్తం పారిస్‌కు తిరిగిపోతుంది. ఆ సంగతి ఆవిడకు వివరించాను.

"ఒక్క కాయితమే గదేటమ్మా. మిగిల్నవి తీసీసుకోండి," అన్నాడు పోస్టుమ్యాన్ అప్పలనాయుడు.

"ఆ ఒక్కదాని కోసమే ఈ పుస్తకం వెతికించాను నాయుడూ."

పెట్టె తెరిచి, ఆ బొమ్మ పక్కన ఉండాల్సిన ఆకు మీది కవిత చదివి నాకు తెలుగులో చెప్పారు. యుద్ధం తర్వాత సొంత ఊరు చేరిన ఒక స్త్రీ ఏట్లో స్నానం చేసి, ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. ఆపేసిన బొమ్మ ఆమెదే.

సరోజినిగారు పుస్తకం తీసుకుని, కౌంటరు దగ్గరే అప్పీలు రాశారు. "రోజూ పురుళ్ళు పోసేదాన్ని. గుడ్డ లేని ఆడమనిషిలో బూతెక్కడుందో నాకు తెలియలేదు," అన్న వాక్యం తీసేస్తే మంచిదేమో అన్నాను. తీయలేదు. ఆ అప్పీలు మా సూపరింటెండెంటు పరిధిలోని విషయం కాకపోయినా, ఆయన పైకి పంపించారు.

జవాబు రాలేదు. రెండు వానాకాలాలు గడిచాయి. మొదట్లో ఆవిడ అడిగేవారు. తర్వాత నాయుడు వీధిలో కనబడితే ఆసుపత్రి కిటికీలోంచి తలెత్తి చూసేవారు, అంతే. వాడు ఖాళీ చెయ్యి ఊపేవాడు. సంచీ విప్పినప్పుడల్లా నా కళ్ళు కూడా ఆ కవరు కోసమే వెతికేవి.

చివరకు కస్టమ్స్ ముద్రతో, లోపల అట్టలు దన్నుగా పెట్టిన రిజిస్టరు కవరొకటి వచ్చింది. బట్వాడా పోస్టుమ్యాన్ పని. అయినా నాయుడితో నేనూ వెళ్ళాను. ఆవిడ సంతకం పెట్టి, కవరు అంచులు నెమ్మదిగా తడిమి చూసుకున్నారు.

"ఇప్పీసి సూడండమ్మా, మేమూ సూస్తాం," అన్నాడు నాయుడు.

"ముందు నేనొక్కదాన్నే చూసుకుంటాను నాయుడూ," అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మేము కాసేపు నిలబడి, వచ్చేశాం.

కొన్నాళ్ళకే నాకు బదిలీ అయింది. ఆ బొమ్మ చూడాలని ఇప్పటికీ ఉంది. సంతకం పడ్డాక కవరు మీద తపాలా శాఖకు హక్కు లేదని శిక్షణలో చదువుకున్నాను. దాని అర్థం ఆ గుమ్మం ముందు తెలిసింది. ఆ తర్వాత సర్వీసులో ఎవరినీ, కవరులో ఏం వచ్చిందని అడగలేదు.