రిపోర్ట్ రావలసిన రోజు చూసిన బొమ్మల సినిమా

బయాప్సీ రిపోర్ట్ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్‌కి వస్తుందన్నారు. ఇరవై రెండేళ్లుగా ఢిల్లీలో నర్సుగా చేస్తున్నాను, ఎందరి రిపోర్టులో వాళ్లకంటే ముందే చదివాను. వాళ్లతో మాట్లాడటానికి నా దగ్గర ఒక గొంతు ఉంది. మెత్తగా, నిమ్మళంగా, అసలు సంగతి ఏమీ చెప్పని గొంతు. ఊరి నుంచి చుట్టాలు ఫోన్ చేసి జబ్బుల గురించి అడిగినా అదే గొంతు.

నా రొమ్ములో గడ్డ చేతికి తగిలాక మాత్రం మా ఆసుపత్రిలో చూపించుకోవడానికి భయమేసింది. ఎవరూ నన్ను ఎరగని చోటికి వెళ్లాను. మా ఆయన ట్రాన్స్‌ఫర్ మీద లక్నోలో ఉన్నారు, ఆయనకీ చెప్పలేదు. చర్చిలో అసలే చెప్పలేదు. అక్కడ ఒక్కరి చెవిన ప్రార్థన మనవి అంటూ వేస్తే చాలు, ఆదివారం ఆరాధన ముగిసేలోపు ఢిల్లీలోని తెలుగు నర్సులంతా నా కోసం కళ్లు ఒత్తుకుంటారు. ఆ ప్రేమని తట్టుకునే ఓపిక నాకు లేదు. ల్యాబు వాళ్లిచ్చిన రసీదు తెచ్చి బైబిల్లో పెట్టాను. దాచినట్టూ ఉంటుంది, దేవుడి ముందు పెట్టినట్టూ ఉంటుంది.

ఇంట్లో ఉండేది నేనూ, పదిహేడేళ్ల మా అమ్మాయీ. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. ఆ శనివారం పొద్దున్నే ఫోన్‌లో టికెట్లు చూపించింది.

"మమ్మీ, ఫిల్మ్ దేఖ్‌నే చలో. జపనీస్ ఎనిమేషన్. సాకేత్ మే, ఏక్ బజే."

"బొమ్మల సినిమాకి నేనెందుకే? నీ ఫ్రెండ్స్‌తో పో."

"నహీ. ఆప్‌కే సాథ్."

నాతోనే చూడాలట. బోర్డు పరీక్షల ముందు సినిమా ఏమిటని అరవాలి. అరిచే శక్తి లేక ఒంటిగంట ఆటకి బయల్దేరాను. మెట్రోలో నాలుగుసార్లు ఫోన్ తీసి చూశాను. హాల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని, వైబ్రేషన్ తగిలేలా అరచెయ్యి ఆనించి కూర్చున్నాను.

పెద్ద పెద్ద కళ్ల పిల్లలు గాల్లో ఎగురుతూ కొట్టుకుంటారేమో అనుకున్నాను. తెర మీద ఎప్పుడూ వాన కురిసే ఓ ఊరు, అందులో గొడుగులు బాగుచేసే కొట్టు, ఓ తాత, ఆయన మనవరాలు. పావుగంట దాకా ఏమీ జరగలేదు. చూరు నుంచి నీళ్లు కారాయి, తాత ముల్లంగి తరిగాడు, అంతే. ఆయన నిద్రపోతుంటే అలవాటు కొద్దీ ఊపిరి లెక్కపెట్టాను. బొమ్మే అయినా ముసలివాళ్ల ఊపిరి ఎలా ఉంటుందో అలాగే గీశారు. అక్కడ లొంగిపోయాను.

తాతకి చూపు తగ్గిపోతోంది. ఎవరికీ చెప్పడు. ఒకరి గొడుగు ఇంకొకరికి ఇచ్చేస్తుంటాడు. ఊరి పెద్దాఫీసరు ఒకాయన చంటిపిల్లల కప్పబొమ్మ గొడుగు వేసుకుని, తల పైకెత్తి దర్జాగా నడిచిపోతుంటే గట్టిగా నవ్వేశాను. ముందు వరసలో అబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఆ మనవరాలు తాతని ఏమీ అడగకుండా ఒక్కో గొడుగు పిడికి ఒక్కోరకం దారపు ముడి వేసింది. మర్నాడు తాత వేళ్లకి ముడి తగిలింది. ఆయనా ఏమీ అనలేదు. నాకు కళ్లనిండా నీళ్లు, అయినా ఎంత బావుందో.

సినిమా అయ్యాక చూస్తే మూడుంపావు. నా చెయ్యి ఫోన్ మీద లేదు. బయాప్సీ అయిన ఈ తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఆ సంగతే మర్చిపోయాను. సీరియస్ పేషెంటుని వదిలేసి టీకి వెళ్లినట్టు అనిపించింది.

బయట బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి మా అమ్మాయి అడిగింది, "రిపోర్ట్ ఆ గయీ?"

రిపోర్ట్ సంగతి దీనికెలా తెలిసింది? రోజూ సాయంత్రం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. వాక్యం చదవడం దాని వంతు, అందరి అవసరాలూ పైకి చెప్పి ప్రార్థించడం నా వంతు. అది రోజూ తెరిచే బైబిల్లోనే నేను రసీదు దాచాను! ఆ రసీదు మీద రిపోర్ట్ వచ్చే తేదీ, టైమూ ఉన్నాయి. పైగా తొమ్మిది రోజులుగా ప్రార్థన చివర దేవుడితో అబద్ధం ఆడలేక, దాని ముందు నిజం చెప్పలేక, కాసేపు నోరు మూసుకుంటున్నాను.

"ఆప్ ప్రేయర్ మే కభీ చుప్ నహీ హోతీ," అంది. ప్రార్థనలో నేనెప్పుడూ అలా ఆగనట. మూడింటిదాకా నేను ఇంట్లో ఒక్కదాన్నీ గడియారం చూస్తూ కూర్చోకూడదని సినిమాకి తెచ్చిందట.

మెసేజ్ వచ్చి ఉంది. తెరిచాను, ఒక్కసారే చదివాను.

"ఏం కాదమ్మా, చిన్నదే, డాక్టర్లు చూసుకుంటారు," అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. "అమ్మా," అంది, తెలుగులో, మాటమాటకీ ఆగుతూ. "అది వార్డులో మాట్లాడే గొంతు. నాకు వద్దు."

ఫోన్ దాని చేతికిచ్చాను. "క్యాన్సరే," అన్నాను. "చిన్నగా ఉండగానే దొరికింది. ఆపరేషన్ చేయాలి. నాకు చాలా భయంగా ఉందే."

"నాకూ," అంది.

సాయంత్రం ప్రార్థన చివర రోజూ నోరు మూసుకునే చోటు వచ్చింది. జబ్బు పేరు పెట్టి, నయం చేయమని దేవుణ్ణి మా అమ్మాయికి వినబడేలా గట్టిగా అడిగాను.