దస్తీ వేసిన సీటు

మొన్న కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి చేతిరుమాళ్ళు, సంచులు సీట్ల మీద పడ్డాయి. డీజిల్ వాసన, దుమ్ము, "గా సీటు మాది, దస్తీ ఏసినం" అనే అరుపులు. అందరూ తోసుకుంటుంటే నేను పక్కన నిలబడి నవ్వుకున్నాను. సునంద మేడమ్ గుర్తొచ్చారు.

సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేవారు. సొంతూరు మిర్యాలగూడ. పొట్టి మనిషి, పెద్ద నవ్వు. జోకు చెప్పబోతూ ముందే నవ్వేసేవారు, అందుకని జోకు ఎప్పుడూ సగమే బయటికి వచ్చేది. నేను అప్పట్లో హాస్టల్లో ఉండేదాన్ని. మనుషులతో కంటే డైరీతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. హాజరు పిలిస్తే నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు. మేడమ్ ఏనాడూ "గట్టిగా పలుకు" అని కసరలేదు. తలెత్తి నా పెదవులు కదలడం చూసి టిక్కు పెట్టుకునేవారు.

ఫైనలియర్‌లో ఆవిడ ప్రిన్సిపాల్‌ను బతిమాలి, శనివారం మధ్యాహ్నాలు మాకు సినిమాలు చూపించడానికి ఒప్పించారు. సెమినార్ హాలు కిటికీలకు పాత బెడ్‌షీట్లు కట్టి చీకటి చేశాం. మొదటిది నలుపు తెలుపుల నాటి ఇంగ్లీషు హాస్య చిత్రం. ఒక గొప్పింటి అమ్మాయి ఎవరిదో కారును తనదే అనుకుని, కిటికీలోంచి టోపీని సీటు మీదికి విసిరి, దర్జాగా ఎక్కి కూర్చుంటుంది. కారు అసలు యజమాని ఒక బ్యాంకు ఉద్యోగి. తన పెళ్ళికి టైమైపోతోందని మొత్తుకుంటున్నా ఆమె దిగదు. ఇక అక్కడి నుంచి ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ఊరంతా పరుగులు.

మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. హాల్లో ఇంకెవరూ నవ్వలేదు.

సినిమా అయిపోయాక లైట్లు వేసి అడిగారు. "ఏందే, ఒక్కలు గూడ నవ్వరేంది? మీ అంతున్నప్పుడు నేను ఇది సూసి కుర్చీలకెళ్ళి కింద పడ్డ."

గరిడేపల్లి స్వరూప మా క్లాసులో నోరున్న పిల్ల. "మేడమ్, గాళ్ళు ఊపిరి తీస్కోకుంట మాట్లాడుతున్రు. మా అత్తలు కొట్లాడితే గూడ నడుమ జర నీళ్ళు తాగుతరు" అంది.

దానికి అందరూ నవ్వారు, మేడమ్‌తో సహా. కానీ ప్రొజెక్టర్ వైరు చుట్టుకుంటున్నప్పుడు ఆవిడ ముఖం చిన్నబోయింది. "సరే తియ్యుండ్రి. ఇది మీకు ఎక్కలే. వచ్చే శనివారం నుంచి గ్రామర్ చేస్కుందాం, ఇగ ఇది ఖతం."

ఎవరూ నన్ను చూడని చీకట్లో, అందరి మధ్యా ఇబ్బంది లేకుండా కూర్చోగలిగింది నేను ఆ హాల్లోనే. అది పోతుందనేసరికి ఎలా లేచానో తెలియదు.

"మేడమ్... ఆమెది తప్పేముంది?"

అరవై తలలు వెనక్కి తిరిగాయి.

"ఎవరిది బిడ్డా?"

"ఆ పిల్లది. ముందుగాల టోపీ ఏసింది గదా మేడమ్. ఇగ సీటు ఆమెదే. దిగుమనుడు ఆయనదే తప్పు."

హాలు గొల్లుమంది. "ఔ మేడమ్, దస్తీ ఏసినట్టే గదా!" "పెండ్లికి లేటయితే జల్దీ బయల్దేరాలె!" నన్ను చూసే నవ్వుతున్నారనుకుని కూర్చోబోయాను. చూస్తే మేడమ్ వైరు కింద పడేసి, బల్లకు ఆనుకుని, కళ్ళజోడు చేతిలో పట్టుకుని నవ్వుతున్నారు.

"అమ్మో! ఇన్నేండ్ల సంది ఆ పిల్లకు తిక్క అనుకుంటున్ననే నేను. మీకేమో ఆమెదే న్యాయం అనిపించె. ఇగ నవ్వెట్ల వస్తది!"

మరుసటి శనివారం మళ్ళీ అదే సినిమా వేశారు. కారు సీను రాగానే ఆపి, "చెప్పుండ్రి, సీటెవరిది?" అన్నారు. హాలు రెండుగా చీలిపోయింది. స్వరూప బ్యాంకు ఉద్యోగి తరఫున లేచి, "బండికి పెట్రోల్ పోసినోడు ఉండగా దస్తీ చెల్లదు" అని వాదించింది. తెర మీది వాళ్ళకంటే మా వాళ్ళే ఎక్కువగా ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. ఆ తర్వాత మిగతా సినిమా అంతా నవ్వుతూనే చూశారు. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: 'నా మాటకు అరవై మంది నవ్వారు. నేను చచ్చిపోలేదు.'

శనివారం సినిమాలు ఏడాది చివరిదాకా సాగాయి. కాలేజీ వదిలే రోజు సెలవు తీసుకోవడానికి వెళ్తే మేడమ్ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. "ఆ దినం నువ్వు లేవకుంటే, ఈ పిల్లలకు సినిమా సమజ్ కాలేదనుకొని పోతుంటి బిడ్డా. సమజ్ కానిది నాకే" అన్నారు. అంత చదువుకున్న మనిషి అంత మామూలుగా ఆ మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

ఇప్పుడు కోదాడలో ఒక స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నేను నవ్వు వస్తుందనుకున్న చోట పిల్లలు బిగుసుకుని కూర్చుంటే, మొదట నాకూ ముఖం చిన్నబోతుంది. అయినా వాళ్ళకు తెలివి లేదని అనుకోను. "మీకేం కనపడింది?" అని అడిగి ఊరుకుంటాను. చివరి వరుసలో ఒక చెయ్యి సగం లేచి, నాతో చూపు కలవగానే దిగిపోతుంది. నేను కాస్త బోర్డు వైపు తిరిగి, అది మళ్ళీ లేవడానికి టైమిస్తాను.