అమ్మ పొలం, కొత్త క్యాసెట్

అమ్మ చేతిలోని వీడియో గేమ్ తెరిచినప్పుడల్లా ఒక హెచ్చరిక వచ్చిపోతుండేది: క్యాసెట్ లోపలి బ్యాటరీ అయిపోవచ్చింది, సేవ్‌లు జాగ్రత్త. మొదట్లో వారానికోసారి కనిపించేది. వానలు మొదలయ్యేసరికి రోజూ కనిపించసాగింది. అమ్మ దాన్ని చదివేది కాదు, బటన్ నొక్కి దాటేసేది. చదివి భయపడే పని నాకు వదిలేసిందనుకుంటాను.

అది మామూలు క్యాసెట్ కాదు. నేను కాలేజీలో ఉండగా ఇక్కడే రాయపూర్ స్టేషన్ దగ్గర ఒక మొబైల్ షాపులో కొన్నది. కంప్యూటర్ నుంచి పది ఆటలు ఎక్కించుకునే రకం. ఎవరు ఏ ఆట ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునేది దాని లోపలి చిన్న బిళ్ల బ్యాటరీయే. ఆ గుర్తునే సేవ్ అంటారు. ఈ ఊళ్లో సేవ్ అంటే పొద్దున్నే అటుకుల పోహా మీద చల్లుకునేది కాబట్టి, నేను కారప్పూస గురించి దిగులుపడుతున్నానని నాన్న చాలా రోజులు అనుకున్నారు.

అమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసేది. మోకాలి ఆపరేషనై రెండు నెలలు మంచం మీద ఉన్నప్పుడు, విసుగు పోవడానికి నేనే ఆ పొలం ఆట నేర్పాను. దున్నడం, నీళ్లు పెట్టడం, ఆవుల్ని మేపడం. నేర్పడం కోసం అదే క్యాసెట్‌లో నేనూ ఒక పొలం మొదలుపెట్టి, నాలుగు రోజుల్లో వదిలేశాను. అందులో గడ్డి తప్ప ఏదీ పండలేదు. అమ్మ వదల్లేదు. పద్నాలుగేళ్లు దున్నింది. ఆవులకు తను పనిచేసిన వార్డుల నంబర్లు పెట్టింది. మూడో వార్డు ఇవాళ పాలివ్వలేదని భోజనాల దగ్గర చెబితే చుట్టాలు ముద్ద ఆపి చూసేవారు.

ఒక రోజు అమ్మ తెలీబంధా బజార్లో కూరలు కొని, ఇంటికి రావడం మర్చిపోయింది. కూరలు మర్చిపోవడం కాదు, రావడం. అక్కడి చెరువు గట్టున బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటే, చర్చిలో తెలిసినావిడ చూసి ఫోన్ చేసింది. తర్వాత పొయ్యి మీది పాలు, తర్వాత మందులు, తర్వాత తన సొంత అక్క పేరు. డాక్టరు చాలా నిదానంగా మాట్లాడాడు. అమ్మ చెప్పిన ఆసుపత్రి కథలు విని పెరిగినవాణ్ని, నిదానంగా మాట్లాడే డాక్టరంటే నాకు హడలు. అలవాటైన పనులేవీ మానిపించకండి అన్నాడు.

అప్పట్నుంచి నాన్నా నేనూ, ఒకరికొకరం చెప్పుకోకుండానే, ఒక కొలత పెట్టుకున్నాం. నేను నయా రాయపూర్ ఆఫీసు నుంచి మందిర్ హసౌద్ మీదుగా ఇల్లు చేరి, చెప్పులు విప్పుతూనే పొలం సంగతి అడిగేవాణ్ని. ఏ మడిలో ఏముందో, ఏ ఆవు ఈనబోతోందో అమ్మ తడుముకోకుండా చెప్పేది. పొలం గుర్తున్నంతకాలం పర్వాలేదు. కానీ ఆ పొలం ఉన్నది ఆరిపోబోయే ఒక బిళ్ల మీద.

అందుకని బ్యాటరీ అక్కర్లేని కొత్త క్యాసెట్ తెప్పించాను. చిక్కేమిటంటే, పాతది అన్ని ఆటల సేవ్‌లనూ ఒకే ముద్దగా దాచుకుంటుంది. కొత్తది ఒక్కో ఆటకూ విడిగా ఒక ఫైలు అడుగుతుంది, అదీ తన కొలతలో, ఆట పేరే పెట్టి. ముద్దను కంప్యూటర్లోకి తెచ్చి, కావలసిన ముక్క కోసి, మార్చి ఎక్కించాలి. కన్వర్ట్ చెయ్యాలి నాన్నా అంటే, ఆ పని మా తాత గుంటూరులోనే చేసేశాడు కదరా అన్నారు. మా ఇంట్లో ఆ విషయం మీద నవ్వింది అదే ఆఖరు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి కూర్చున్నాను. మబ్బు ముసిరి మధ్యాహ్నమే హాల్లో లైటు వెయ్యాల్సి వచ్చింది. అమ్మ లోపల పడుకుంది. నాన్న నా పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయన ముప్ఫై ఏళ్లు స్టేషన్ మాస్టరు. రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒకసారి ఒకే బండి ఉండాలి, ముందుది దాటిందని కబురొచ్చేదాకా వెనకదాన్ని వదలకూడదు. ఆ ఒక్క సూత్రం మీదే ఆయన ఉద్యోగమూ మా ఇల్లూ నడిచాయి. మా ఇంట్లో పాత చెప్పులు బయటికి వెళ్లందే కొత్తవి లోపలికి రాలేదు. రెండు సబ్బులు ఒకేసారి తడవలేదు.

ముక్క కోసి, కొత్త క్యాసెట్‌లో వేసి, ఆట తెరిచాను. ‘కొత్త ఆట’ అన్న మాట కింద ‘కొనసాగించు’ అని వచ్చింది. సేవ్ ఉంటేనే వచ్చే మాట అది. లోపలికి వెళ్లి చూడాల్సింది. అమ్మ పొలంలోకి అమ్మకంటే ముందు అడుగుపెట్టడం ఎందుకో మర్యాదనిపించలేదు.

ముద్దకూ, కోసిన ముక్కకూ నేను ఆట పేరే పెట్టాను. నాన్న కంప్యూటర్ తెర మీద ఆ రెండింటి వైపు వేలు చూపించారు. “ఒకే పేరుతో రెండు బళ్లు లైన్లో పెట్టావు. పాతదాన్ని క్లియర్ చెయ్యి ముందు. రేపు ఏది ఏదో నీకే తెలీదు, అంతా గడ్‌బడ్ అయిపోద్ది.”

కంప్యూటర్‌కి ఆ భయం లేదని నాకు తెలుసు. దేనికైనా నాలుగు కాపీలు పెట్టుకోండని ఆఫీసులో అందరికీ చెప్పే ఉద్యోగం నాది. అయినా ఆ గొంతు విని ఎన్నోసార్లు పాత చెప్పులు వీధిలో పెట్టి వచ్చినవాణ్ని. కంప్యూటర్లో ముద్దను తుడిచేశాను. పాత క్యాసెట్‌నూ తుడిచేశాను. నాన్న తృప్తిగా లేచి టీ పెట్టడానికి వెళ్లారు.

ఆయన వెళ్లాక, శబ్దం సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని ‘కొనసాగించు’ నొక్కాను. పొలమంతా గడ్డి. కంచె విరిగి ఉంది. పాక ఖాళీ. పొలం పేరు చోట, కాలేజీ రోజుల్లో నేను మహా చమత్కారమనుకుని పెట్టిన పేరు: ‘పొలమారింది’. ఆ ముద్దలో ఈ ఆటవి రెండు ముక్కలున్నాయి. అమ్మదీ, నేను వదిలేసినదీ. నేను నాది కోశాను.

పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే ఉపాయాలు నాకు తెలిసినవన్నీ చేశాను. టీ చల్లారిపోయింది. నాన్నకు చెప్పాను. ఆయన తెర వంక చూసి, తను తెచ్చుకున్న కుర్చీని తీసుకెళ్లి బల్ల దగ్గర ఎలా ఉండేదో అలా పెట్టారు.

అమ్మ లేచి వచ్చి చెయ్యి చాపింది. ఇచ్చాను. తిట్లకోసం నిలబడ్డాను. నా పొలం ఏదిరా వెధవా అంటే చాలు, ప్రాణం కుదుటపడేది. అమ్మ విరిగిన కంచె దగ్గర కాసేపు ఆగింది. తర్వాత నీళ్ల డబ్బా అందుకుని గడ్డికి నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

“పొలం ఎలా ఉందమ్మా?”

“బానే ఉంది. సూఖ్ గయా, ఎండింది కొంచెం, అంతే.”

నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నారు. నేను నేల మీద కూర్చుని చెప్పేశాను. ఇది నీది కాదమ్మా, నాది, నీది నా చేతుల్తోనే తుడిచేశాను, ఆవులూ అన్నీ పోయాయి అని.

అమ్మ ఆట ఆపి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆసుపత్రి వరండాలో, లోపలి కబురు కోసం కూర్చున్నవాళ్ల భుజాల మీద ఆ చెయ్యి అలాగే పడడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను.

“ఏం కాదు బాబూ, కంగారుపడకండి. మీ అమ్మగారితో నేను చెప్తాలెండి.”

అమ్మ నన్ను మీరు అనడం అదే మొదలు.