ఇంటికొచ్చినందుకు ఛార్జీ

మా ఆయన పోయాక, ఇంటి రేకులకని తెచ్చిన అప్పు నా నెత్తిన పడింది. కాట్రేనికోన దగ్గర మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. దింపు తీయించి కాయలు అమ్మితేనే నా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఫైనాన్సు కంపెనీ వసూళ్ల మనిషి బండి మీద వచ్చేవాడు. ఎండన పడి వచ్చాడు కదా అని అరుగు మీద కూర్చోబెట్టి బొండం కొట్టి ఇచ్చేదాన్ని. మా వైపు ఎవరినీ ఎండిన గొంతుతో పంపరు. వాడు తాగి, మూతి తుడుచుకుని, వచ్చినందుకు ఛార్జీ అని అప్పు మీద ఇంకొంత వేసి పోయేవాడు. నేను కట్టిందంతా ఆ ఛార్జీలే మింగాయి. అప్పు తరగలేదు. చివరికి, "ఈసారి దింపు కాయలు మేమే పట్టుకెళ్తామండీ" అన్నాడు.

ఈ వసూళ్ల ఛార్జీల సంగతి తేల్చడానికి ఎమ్మెల్యేల కమిటీ అమలాపురం వచ్చిందని పక్కింటి వదిన చెప్పింది. బస్సెక్కి పోయి, నా గోడు చెప్పుకున్నాను.

కంపెనీ ఆఫీసరు లేచాడు. "బలవంతమేం లేదండీ. మావోడెళ్తే కూర్చోబెట్టి బొండాలిచ్చేరు. ఇష్టం లేకపోతే ఇస్తారాండీ?"

"ఆయ్, మన కోనసీమ మర్యాదలు కదండీ మరి!" అన్నాడు కమిటీలో ఒకాయన. అందరూ నవ్వారు. వాళ్ల ముందూ బొండాలే, స్ట్రాలు వేసి.

నేను ఇంకో అడుగు ముందుకేశాను.

"అయ్యా, నా బొండం తాగినోడు నాకియ్యాలి గానీ, నేనియ్యడమేంటండీ? ఇంటికొచ్చి పోయినందుకు డబ్బుచ్చుకునేవోళ్లని ఏమంటారో మీకు తెలీదా?"

నవ్వులు ఆగాయి. కమిటీలో ఉన్న ఒకావిడ ఆఫీసరు వైపు తిరిగింది. "ఈ ఛార్జీ ఏ చట్టంలో ఉందండీ? ఎవర్నడిగి వేస్తున్నారు?"

ఆయన చేతిలో కాగితాలు తిరగేశాడు.

"మేం తేల్చేదాకా ఛార్జీ అడగొద్దు. ఆవిడ కాయలు ముట్టుకోవద్దు" అందావిడ.

"మరి నేను కట్టేసినవండీ?"

"అది పరిశీలిస్తామమ్మా."

ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

దింపు రోజున వాడు మళ్లీ వచ్చాడు. కాయలు ముట్టుకోలేదు, వాయిదా మాత్రం అడిగాడు. "ఎండ మండిపోతోంది పిన్నిగారూ" అన్నాడు, గెల వైపు చూస్తూ. కత్తి నా చేతిలోనే ఉంది. గుమ్మం బయటే నిలబెట్టి, వాయిదా చేతిలో పెట్టి పంపేశాను.

వాడి బండి మలుపు తిరిగాక ఒక బొండం కొట్టుకున్నాను. నోట్లో పోసుకోగానే, వాణ్ణి ఎండిన గొంతుతో పంపానని గుర్తొచ్చింది. ఉమ్మేశాను.