టూల్ రూంలోంచి ఊదిన సీటీ

పోయిన మంగళారం ప్లాంటులో మా బే, అంటే మేం పనిచేసే షెడ్డు, మొత్తం పావుగంట ఆగిపోనాది. క్రేను ఆగింది, ట్రక్కు ఆగింది, జనం ఎక్కడోళ్లక్కడ నిలబడిపోనారు. ఆపింది నేనే! అదీ టూల్ రూంలో స్టూలు మీద కూకుని, మూతితోటి. ఏటి, నవ్వుతున్నారా? నవ్వండి బాబూ, నవ్వగలిగినోళ్లు నవ్వాల. నాకు ఐదు నెల్లై సగమే వత్తంది.

మొదట్నుంచీ చెప్తాను. ఐదు నెలల కిందట ఓ పొద్దున్న, బర్మామైన్స్ బస్తీలో మా ఇంట్లో టీ తాగుతున్నాను. చొక్కా తడిసిపోతంది. గ్లాసుకి చిల్లు పడిందేటని తిప్పి చూసేను. గ్లాసు బాగానే ఉంది. నా ఎడం పక్క పెదవి జారిపోయి, టీ అంతా అట్నుంచే కారిపోతంది. మా ఆవిడ రమణమ్మ చూసి "ఓలమ్మో, ఏటయ్యా ఈ మొకం?" అని కేకేసింది. ఈ హిందీ ఊళ్లో పుట్టిన మా అమ్మాయికి తెలుగులో అడిగితే హిందీలో చెప్పడం అలవాటు. అది వచ్చి "పాపా, ఆధా క్యోఁ హస్ రహే హో?" అంది. సగమే నవ్వుతున్నావేటని అడగడం! నేను నవ్వుతున్నానా? భయంతో ఏడుపొస్తంది నాకు.

పక్షవాతమేనని ఇంటిల్లిపాదీ హడలిపోయేం. ఆస్పత్రిలో డాక్టరు నుదురు ముడెయ్యమన్నాడు, కళ్లు మూయమన్నాడు. ఎడం పక్క నుదురు కదల్లేదు, కన్ను మూతపడలేదు. కాళ్లూ చేతులూ మాత్రం బాగానే ఆడుతున్నాయి. "ఇది బుర్రలోంచి వచ్చింది కాదు, మొహం నరం దెబ్బతింది. తగ్గుతుంది. మందులు వాడు, తర్వాత ఫిజియోథెరపీ చేయించుకో" అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను.

అసలు బాధ డ్యూటీ దగ్గర మొదలైంది. నేను క్రేను కింద సిగ్నల్‌మేన్‌ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. పైన కేబిన్లో కూకున్న ఆపరేటరుకి కింద లోడు సరిగ్గా కనపడదు. నేను రెండు చేతులూ ఎత్తి సైగ చెయ్యాల, పెదాల మధ్య సీటీ, అదే విజిలు, బిగించి ఊదాల. ఇప్పుడు ఊదితే గాలంతా ఎడం పక్కనుంచి ఫుస్సుమని పోతంది. సీటీ పలకదు సరికదా, జారి బూట్ల మీద పడతంది. లైట్ డ్యూటీ రాసేసేరు. టూల్ రూంలో కూకుని, వచ్చినోళ్లకి గ్లౌజులూ, లోడుకి కట్టే స్లింగులూ ఇయ్యడం. నా చోట ఓ కొత్తోణ్ణి పెట్టేరు. "ఆరు నెలల్లోగా నువ్వు సీటీ ఊదకపోతే ఆ చోటు ఆడికే పక్కా" అని ఫోర్‌మేన్ చెప్పేసేడు. నాకు వేరే పని రాదు. వచ్చినా నచ్చదు.

ఫిజియో మేడమ్ ఉండేది టెల్కో కాలనీలో. చిన్నపిల్ల. అద్దం ముందు కూకోబెట్టి కనుబొమ్మలు లేపమంది, ముక్కు చిట్లించమంది, బుగ్గలు పూరించమంది, 'ఈ' అనమంది, 'ఊ' అనమంది. పడిపోయిన పక్కకి వేలితో కొంచెం సాయం పట్టాలంట. "ధీరే ధీరే అంకుల్, పదిసార్లు చాలు, జోర్ లగాకే నహీఁ" అని, నెమ్మదిగా, బలం పెట్టకుండా చెయ్యాలని ఎన్నిసార్లు చెప్పిందో!

నేను వింటానా? ఇరవై రెండేళ్లు ప్లాంటులో అరిగిన బుద్ధి. పది అంటే పది చేసి ఊరుకోడం నా వల్ల కాదు. మొకానికి కూడా ఓవర్‌టైం మొదలెట్టేను. షిఫ్టు బస్సులో 'ఈ', గేటు దగ్గర లైన్లో 'ఊ'. బస్సులో నా ఎదర కూకున్నాయన మెల్లిగా లేచి ఎనక సీటుకి ఎలిపోనాడు. చివరికి మేడమ్ పట్టేసింది. నేను 'ఈ' అంటే ఎడం కన్ను దానంతటదే మూసుకుంటందంట. బలమంతా పెట్టి చేత్తే ఇలాగే అవుద్దంట, నోటితో పాటు కన్నూ కదలడం అలవాటైపోద్దంట. "కన్ను తెరిచుంచి, అద్దంలో చూసుకుంటూ, నెమ్మదిగా చెయ్యండి. సీటీ జోలికి అప్పుడే పోకండి" అని హిందీలో గట్టిగా కోప్పడింది.

మంగళారం నాడు టూల్ రూంలో ఎవరూ లేరు. టిఫిన్ డబ్బా మూతే అద్దం. కాసేపు 'ఈ', కాసేపు 'ఊ'. సీటీ జేబులోనే ఉంది. ఒక్కసారి పెట్టి చూత్తే ఏటవుద్ది? ఎవరికి తెలుత్తాది? పెట్టేను. ఎడం బుగ్గ మీద వేలు నొక్కి, ఊపిరి తీసి ఊదేను.

పీఁఁఁఁ!

ఓరి నాయనో! నా చెవులే గింగుర్లెత్తిపోనాయి.

ఇక్కడో సంగతి చెప్పాల. పొడుగు సీటీ అంటే 'ఆపు' అని. అది ఎవరు ఊదినా క్రేను ఆగాల్సిందే. ఊదినోడు వచ్చి ఎందుకూదేడో చెప్పేదాకా కదపకూడదు. అది రూలు. నాకు తెలీక కాదు, కొత్తోళ్లకి నేర్పేదే నేను. కాని ఆ సంతోషంలో ఎవడికి గుర్తుంటాది?

బయట క్రేను మీద పుష్ప ఉంది. మాంగో బస్తీ నుంచొచ్చే మన తెలుగు పిల్లే, చెయ్యి మంచి నిదానం. లోడు గాల్లో ఉండగానే టక్కుమని ఆపేసింది. అందరూ చుట్టూ చూసేరు. ఊదినోడెవడూ రాలేదు. ఎవడో పొరపాటున ఊదేడని ఫోర్‌మేన్ "చలో, చాలూ కరో" అని మళ్లీ నడిపించబోతున్నాడు. సరిగ్గా అప్పుడే నేను లోపల రెండోసారి ఊదేను. మళ్లీ ఆగేరు. ఈసారి తాడు చూసేరు, హుక్కు చూసేరు, కింద ఎవడైనా ఇరుక్కున్నాడేటని వంగి వంగి చూసేరు. నేను మూడోది ఊదేను. మొదటిది అదృష్టం కొద్దీ వచ్చిందేమోనని రెండోది ఊదేను. మూడోది మాత్రం ఉత్తి మోజు.

అప్పుడు తోచింది, బయట ఇంత నిశ్శబ్దంగా ఉందేటని. తలెత్తేసరికి గుమ్మంలో ఫోర్‌మేన్. ఎనక పది హెల్మెట్లు. ఆళ్లకి కనపడిందేటంటే, ఒక కన్ను మూసుకుని, బుగ్గ మీద వేలెట్టుకుని, డబ్బా మూతలో మొకం చూసుకుంటూ సీటీ ఊదుకుంటున్న యాభై ఏళ్ల మనిషి!

"క్యా ఖత్రా దేఖా?" అన్నాడు ఫోర్‌మేన్. ఏం ప్రమాదం చూసేవని. నాకు నోటమ్మట ఒకటే మాట వచ్చింది.

"సర్, బజ్ గయా!" మోగింది సర్ అని.

పకపకా నవ్వేరు అందరూ. ఫోర్‌మేన్ తప్ప. లోడు దించేసి పుష్ప కూడా కిందకొచ్చింది. "మావయ్యా, మొదటి సీటీకే నీదని పోల్చుకున్నాను. ఎన్నాళ్లైపోనాదో విని!" అంది. నాకు ఏడుపొచ్చేసింది. కుడి కంట్లోంచి. ఎడం కన్ను ఎప్పుడూ కారతానే ఉంటాది, దాన్ని లెక్కలోకి తియ్యకండి.

ఫోర్‌మేన్ నాచేత కాయితం రాయించేడు. 'ఏ ప్రమాదం గమనించి పని ఆపించారు?' అని అందులో గడి. ఏం రాస్తాను? 'ప్రమాదం లేదు, నా మూతి పనిచేస్తున్నట్టు గమనించాను' అని రాసేను. అది మా ప్లాంటు డాక్టరు దాకా ఎల్లింది. మర్నాడే పిలిచేడు. "ఏదీ, ఊదు" అన్నాడు. వేలు నొక్కి ఊదేను. భేషుగ్గా మోగింది. "వేలు తీసి ఊదు." ఫుస్సు.

"డ్యూటీలో రెండు చేతులూ సైగలకే సరిపోతాయి. మరి నీ బుగ్గ ఎవరు పట్టుకుంటారు? క్రేను ఆపరేటరు దిగొచ్చి పట్టుకుంటుందా?" అన్నాడు. వేలు లేకుండా మోగించిన రోజున రమ్మన్నాడు, ఫిట్ రాసిస్తానన్నాడు. మేడమ్ చేత మళ్లీ చీవాట్లు తిన్నాను. పోనీలే అని ఆ పిల్లే సీటీకి ఒప్పుకుంది. రోజుకి రెండే ఊదులు. మెల్లిగా. కన్ను తెరిచుంచి.

నిన్న ఆదివారం మధ్యాన్నం, ముందు గదిలో అద్దం ముందు నిలబడ్డాను. క్రేను కింద నిలబడ్డట్టే రెండు చేతులూ పైకెత్తేను. బుగ్గ మీద వేలు లేదు. ఎడం కన్ను తెరిచే ఉంది. నెమ్మదిగా ఊదేను. పీ అనలేదు, కాని ఫుస్సూ అనలేదు. రెండిటికీ మధ్యలో 'స్సుయ్యి' మని ఒకటి వచ్చింది! ఇంకోసారి ఊదేను. మళ్లీ వచ్చింది! చేతులు దించడం మర్చిపోయి అలాగే నిలబడిపోయేను.

పెరట్లో బట్టలారేస్తున్న రమణమ్మ అక్కణ్నుంచే అరిచింది. "అమ్మాయ్, మూడు విజిళ్లొచ్చేసేయి, కుక్కర్ కట్టెయ్!"

అమ్మాయి కట్టేసింది. అన్నాలకి కూకున్నాం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అది "మమ్మీ, దాల్ తో కచ్చీ హై" అంది, పప్పు ఉడకలేదని. రమణమ్మ కుక్కరు కేసి చూసింది, తర్వాత నా మెళ్లో సీటీ కేసి చూసింది.

"కుక్కరువెన్ని? నీవెన్ని?"

"కుక్కరుదొకటి. నావి రెండు" అన్నాను.

గిన్నె తీసుకొచ్చి పప్పంతా నా కంచంలో ఒంపేసింది. "నమలు. మొకానికి ఎక్సర్‌సైజు" అంది.

ఆ ఉడకని పప్పంతా నమిలేను. రెండు పక్కలా.