అరవై దాటిన క్వార్టర్‌బ్యాక్

మా అబ్బాయి స్కూల్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అయిన ఏడాది, మా ఇంట్లో ఆ ఆట గురించి ఏమీ తెలియని మనిషి ఒక్కడే ఉండేవాడు. అందరికంటే ఎక్కువ మాట్లాడిందీ ఆయనే.

అప్పటికి మేం నేపర్‌విల్ వచ్చి పదేళ్ళు దాటింది. మా ఆయన ఒక హాస్పిటల్ కంప్యూటర్ విభాగంలో పనిచేస్తూ రోజూ రైల్లో షికాగో వెళ్ళొచ్చేవాడు. పిల్లలిద్దర్నీ కార్లో తిప్పడం నా పని. పాపని డాన్స్‌కి దింపి, బాబు ప్రాక్టీస్ అయ్యేదాకా మైదానం పక్కన ఇనప మెట్ల మీద కూర్చునేదాన్ని. అలా కూర్చోగా కూర్చోగా ఆ ఆట నాకు వంటబట్టింది.

ఇక్కడి ఫుట్‌బాల్ చేతులతో ఆడేది. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని, ముందుకు పరిగెత్తే తనవాళ్ళలో ఒకడికి విసరాలి. ఈలోపు అవతలి జట్టులోని భారీ పిల్లలు వాణ్ణి పడగొట్టడానికి మీదికొస్తారు. చాలామంది నిలబడే విసురుతారు. మావాడు నిలబడేవాడు కాదు. మొదటివాడి చేతికింద నుంచి జారుకుని, రెండోవాణ్ణి తప్పించుకుని, విసరడానికి ఎవరూ దొరక్కపోతే బంతి చంకలో పెట్టుకుని తనే పరిగెత్తేవాడు. వాడు అలా పరిగెత్తుతుంటే నా చుట్టూ కూర్చున్న తల్లిదండ్రులంతా లేచి నిలబడేవాళ్ళు. నాకు గర్వంతో మొహం వేడెక్కేది. ఏం చేయాలో తెలియక పర్సులో తాళాలు వెతుక్కునేదాన్ని.

అది రెండో జట్టు. ఆ సీజన్ బాగా గడిస్తే, స్కూల్లో ఆఖరి సంవత్సరం మొదటి జట్టుకి వాడే క్వార్టర్‌బ్యాక్. ఆ వయసులో వాడికి అంతకన్నా కావలసింది ఇంకేదీ లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, మా ఆయనతో సహా.

శనివారం పొద్దున ఆట అయిపోగానే, ఎవరెవరు ఎంత ఆడారో స్కూల్ వాళ్ళు వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్ళు. క్వార్టర్‌బ్యాక్ పేరు ఎదురుగా, ఎన్ని బంతులు విసిరాడు, తనవాళ్ళు ఎన్ని పట్టుకున్నారు, దానికి శాతం ఎంత అని ఉండేది. మా ఆయన ఆటకి రాలేదు గాని ఆ పేజీ మాత్రం దొరికించుకున్నాడు.

“ఫిఫ్టీ ఫోరేంట్రా?” అన్నాడు ఆదివారం దోసె తుంచుతూ. “సిక్స్టీ లేకపోతే ఫస్ట్ క్లాస్ రాదు కదా.”

“ఇది ఎగ్జామ్ కాదు, నాన్నా.”

“మరి పర్సెంట్ అని ఎందుకు రాశారు?”

వాడు ఓపిగ్గానే చెప్పాడు. “నన్ను ట్యాకిల్ చేయడానికి వస్తే, నేను బాల్ లైన్ బయటికి త్రో చేస్తా, అప్పుడు టీమ్‌కి లాస్ ఉండదు. దట్స్ గుడ్. కానీ అది మిస్ అని కౌంట్ చేస్తారు. వాళ్ళు డ్రాప్ చేసినా నా మిస్సే. నేను రన్ చేసింది అందులో రాదు.”

“అంటే సిలబస్‌లో లేనిది చదువుతున్నావన్నమాట,” అన్నాడు మా ఆయన. తన మాట తనకే నచ్చి ఇంకో దోసె వేయించుకున్నాడు.

ఈ అరవై పిచ్చి ఎక్కడిదో నాకు తెలుసు. ఇంజనీరింగ్‌లో ఆయనకి మొదట ఫస్ట్ క్లాస్ రాలేదు. రీవాల్యుయేషన్‌కి పెడితే ఏ పుణ్యాత్ముడో మూడు మార్కులు కలిపాడు. ఆ మూడు మార్కులతో అరవై దాటాడు. ఉద్యోగం, వీసా, ఇల్లు, చివరికి నేను, అన్నీ ఆ మూడు మార్కుల వల్లే వచ్చాయని ఆయన నమ్మకం. అరవైకి ఇవతల ఉన్నవాళ్ళని ఆయన మనుషుల్లో లెక్కేయడు.

ఇంట్లో ఊరుకున్నా బాగుండేది. తరవాతి వారం మా ఇంట్లో పాట్‌లక్ పెట్టుకున్నాం. ఎవరింటి వంట వాళ్ళు తెచ్చుకుని, నాలుగు కుటుంబాలు, పదిహేను రకాల వంటలు. భోజనాలు మొదలవగానే మా ఆయన లాప్‌టాప్ తెచ్చి పులిహోర గిన్నె పక్కన పెట్టి, “మావాడి రిజల్ట్స్ వచ్చాయి, చూడండి,” అన్నాడు. ఆ వారం శాతం ఇంకా కాస్త తగ్గింది. ఆ రోజు వాడు తన పరుగుతోనే ఆట గెలిపించాడు. ఆ మాట ఆ పేజీలో ఇంకోచోట ఉంది, అంత కిందికి మా ఆయన వెళ్ళలేదు.

“అయ్యో, సెకండ్ క్లాసేనా,” అన్నాడు ఒకాయన, పాప స్నేహితురాలి తండ్రి. సోఫాలోంచి లేవడానికి భార్య చెయ్యి కావాలి ఆయనకి. “ట్యూషన్ పెట్టించకపోయారా?”

మావాడు ప్లేటు పట్టుకుని నిలబడి, అంకుల్స్‌కి అర్థం కావాలని తనకొచ్చిన తెలుగులో మొత్తం మళ్ళీ చెప్పాడు. బయటికి విసరడం, వాళ్ళు జారవిడవడం, పరుగు లెక్కలోకి రాకపోవడం. మాటలు దొరకనిచోట చేత్తో గాల్లో గీసి చూపించాడు. మా ఆయన చివరిదాకా విన్నాడు.

“సప్లిమెంటరీ రాసేవాళ్ళందరూ ఇలాగే చెబుతారండీ,” అని నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. ఆ ఇంగువ కంపు నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. పదహారేళ్ళ పిల్లవాడు చెవులు ఎర్రబడి, ప్లేట్‌లోది తినకుండానే సింక్‌లో పెట్టి పైకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి వాడి పేరు సెకండ్ క్లాస్. గుడి పార్కింగ్‌లో కనిపిస్తే ఆంటీలు, “ఏం సెకండ్ క్లాస్, తిన్నావా?” అని బుగ్గ గిల్లేవాళ్ళు. వాళ్ళ పిల్లలు స్కూల్ బస్సులోనూ అదే పిలుపు మొదలుపెట్టారు. నేను మా ఆయనతో పోట్లాడాను. సరదాకి అన్నానన్నాడు. ఆడపిల్లలా ఏడిస్తే ఆటలెందుకన్నాడు. ప్రతి ఆదివారం ఎవరో ఒకరికి ఫోన్ చేసి కొత్త శాతం చదివి వినిపించడం మాత్రం మానలేదు.

కొన్నాళ్ళకి మావాడు మారాడు. బంతి అందుకుని ఉన్నచోటే నిలబడ్డాడు. దూరంగా ఖాళీగా పరిగెత్తేవాణ్ణి వదిలేసి, పక్కనే ఉన్నవాడికి మెత్తగా అందించడం మొదలుపెట్టాడు. ఆ పక్కవాడు పట్టుకోగానే అవతలివాళ్ళు అక్కడికక్కడే పడగొట్టేవాళ్ళు. దారి కనిపిస్తున్నా మావాడు పరుగు తీయలేదు. బంతి బయటికి విసరాల్సిన చోట విసరకుండా, దాన్ని పొట్టకి హత్తుకుని దెబ్బ తినేవాడు. అలా పడిపోతే శాతం తగ్గదని నాకు తరవాత తెలిసింది.

ఇంటికొచ్చాక పక్కటెముకల మీద ఐస్ పెట్టుకుంటూ కూర్చునేవాడు.

“ఎందుకురా పరిగెత్తడం లేదు?” అని అడిగాను.

“నథింగ్, అమ్మా.”

జట్టు ఓడిపోతూ వచ్చింది. శాతం పెరుగుతూ వచ్చింది. అరవై దాటిన రోజు మా ఆయన మిఠాయి డబ్బా తెచ్చాడు. నేను ముట్టుకోలేదు. బాబు ఒకటి తీసుకుని, “థ్యాంక్స్, నాన్నా,” అన్నాడు.

సీజన్ ముగిశాక కోచ్ మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచాడు. తడి బూట్ల వాసన వేసే చిన్న గది. వచ్చే ఏడాది మొదటి జట్టుకి వేరే పిల్లవాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకుంటున్నానని సూటిగా చెప్పేశాడు. మా ఆయన వెంటనే లాప్‌టాప్ తెరిచి శాతం చూపించాడు. ఆ స్కూల్లో అంత శాతం ఇంకెవరికి ఉందని నిలదీశాడు.

కోచ్ తెర వైపు మర్యాదకి ఒకసారి చూశాడు. ఆయన అన్నది తెలుగులో చెబితే ఇది. “వీడు విసిరినవి చాలావరకు పట్టుకున్నారు, నిజమే. అలాంటివి విసిరేవాళ్ళు నాకు ఎంతమందైనా దొరుకుతారు. సీజన్ మొదట్లో వీడి చేతిలో బంతి ఉంటే అవతలివాళ్ళు భయపడేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ భయపడటం లేదు. ఆ పరుగు ఎందుకు మానేశాడో అడిగితే చెప్పడు.”

మావాడు తల ఎత్తలేదు. చెప్పడానికి ఏమైనా ఉందా అని కోచ్ ఇంకోసారి అడిగాడు. “నో సర్,” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆయన ఆగకుండా మాట్లాడాడు. ఆ కోచ్‌కి లెక్కలు రావన్నాడు. ఇండియన్ పిల్లాడు కాబట్టే తొక్కేశాడన్నాడు. “స్కూల్ బోర్డ్‌కి ఈమెయిల్ పెడతాను. డేటా అంతా అటాచ్ చేస్తాను. ఎలా కాదంటారో చూస్తా.”

“పెట్టకు, నాన్నా,” అన్నాడు మావాడు వెనకసీట్లోంచి.

“ఎందుకు పెట్టకూడదు? సిక్స్టీ దాటింది నీకు.”

“అవి చిన్న త్రోస్. చెల్లి కూడా క్యాచ్ చేస్తుంది.” వేళ్ళ మీద లెక్కపెడుతూ మళ్ళీ చెప్పాడు. “నేను దూరం త్రో చేస్తే, బయటికి త్రో చేస్తే, ఆ నంబర్ తగ్గుతుంది. రన్ చేస్తే అందులో రాదు. తగ్గితే నువ్వు అంకుల్స్‌కి చదువుతావు. పెరిగితే చదవవు అనుకున్నా. కోచ్ నన్ను తీసేస్తాడని తెలుసు. ఐ న్యూ. ఓకే అనుకున్నా.”

పదహారేళ్ళవాడు, ఒక గదిలో నలుగురు పెద్దవాళ్ళు నవ్వకుండా ఉండటానికి తనకున్న ఒక్క కోరికనీ ఇచ్చేసుకున్నాడు. ఆ బేరమూ కుదరలేదు. పెరిగిన శాతాన్ని మా ఆయన ఇంకా గట్టిగా చదివాడు.

ఆయన సిగ్నల్ దగ్గర కారు ఆపి అద్దంలో వాడి వైపు చూశాడు. గొంతు నిజంగానే తగ్గింది.

“ఇదంతా నాకు ముందే చెప్పొచ్చు కదరా,” అన్నాడు.

ఆయన మీద నాకు జాలి కలగలేదు. ఈ రోజుకీ కలగలేదు.

“చెప్పాడు,” అన్నాను నేను. “ప్లేటు పట్టుకుని నిలబడి అందరి ముందూ చెప్పాడు. మొదట నవ్వింది మీరే.”